తారులో టెంకాయ పీచు

తిరుపతిలో ఒక ఆడమనిషి పొద్దున్నే క్యారియరు పట్టుకుని బస్టాండుకు పోతోందంటే ఎదురింటివాళ్ళు మూడే ప్రశ్నలు వేస్తారు. దేవస్థానమా, యూనివర్సిటీనా, ఆసుపత్రా? ఈ మూడూ కాదంటే, "మరి ఇంకేముండాది ఈ ఊర్లో?" అని మనల్నే అనుమానంగా చూస్తారు. మేము ఈ వీధిలోకి వచ్చిన కొత్తలో ఒకావిడ నన్ను గేటు దగ్గర అలాగే నిలదీసింది. "తారు కాస్తానండీ" అన్నాను. ఆవిడ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంటికి పసుపు కుంకుమకు పిలుపు రాలేదు.

అబద్ధమేం చెప్పలేదు. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో రోడ్లు వేసే ఒక కాంట్రాక్టరు దగ్గర నేను ల్యాబు చూసుకుంటాను. కంకరను, రాతిపొడిని కాల్చి తారుతో కలిపే పెద్ద ప్లాంటు ఒకటి, దాని పక్కన ఒక రేకుల గది. ఆ రేకుల గది నా రాజ్యం. అందులో ఒక ఓవెను, ఒక తక్కెడ, జల్లెడలు, తారు ముద్దను అచ్చులో పోసి దంచే సుత్తి ఉంటాయి. బరువును నిర్ణీత ఎత్తు నుంచి పదే పదే వదిలే సుత్తి అది. మా అమ్మ ఒకసారి వచ్చి చూసి, "చదివించింది దంచడానికా?" అంది. అవునన్నాను. దంచకుండా ఏ వంటా రాదు, ఏ రోడ్డూ రాదు.

మా ఆయన మంచివాడు. సాంబారులో ఉప్పు తగ్గినా మాట్లాడకుండా తింటాడు. రోడ్డు మీద గుంత కనిపిస్తే మాత్రం బండి ఆపి, వెనక్కి తిరిగి, "ఇది మీదేనా?" అంటాడు. ఆ ఒక్క మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నా నెత్తికి మంట ఎక్కించిన గుంతలన్నిటికీ తాత లాంటిది ఒక మలుపు. కొండ దిగే దారిలో ఉంది. ఎక్కడో చెప్పను, చెబితే మీరు పోయి చూస్తారు. గ్రానైటు బండలు మోసుకొచ్చే లారీలు, టమోటా బండ్లు, పాల వ్యాన్లు అన్నీ అక్కడికి వచ్చేసరికి బ్రేకు మీద నిలబడతాయి. ఎండాకాలంలో తారు మెత్తబడి చక్రాల కిందినుంచి పక్కకు తోసుకుపోయి గట్టు కట్టేది. వానాకాలంలో ఆ పల్లాల్లో నీళ్ళు నిలిచి, పగుళ్ళలోకి దిగి, పెచ్చులు పెచ్చులుగా లేచిపోయేది. మేము మళ్ళీ వేసేవాళ్ళం, అది మళ్ళీ లేచేది. మా ఓనరు ఆ మలుపు పేరెత్తితే చాలు, తాగుతున్న టీ పక్కన పెట్టేసేవాడు.

దానికి మందు లేక కాదు. పెద్ద కంకర ఎక్కువ వేసి, రాయి మీద రాయి ఆనుకునేలా చేసి, సందుల్లో చిక్కటి తారు ముద్ద నింపాలి. లారీ బరువును రాళ్ళు మోస్తాయి, ఆ రాళ్ళను తారు పట్టుకుంటుంది. వినడానికి బాగానే ఉంది కదా? చిక్కంతా తారు దగ్గరే. ఇంత తారు పోస్తే వేడి మీద అది రాయికి అంటుకుని ఉండదు. ప్లాంటు నుంచి టిప్పరు మలుపు చేరేలోపల రాళ్ళ మీదినుంచి జారి అడుక్కు దిగిపోతుంది. తీరా పరిచేసరికి ఒక చోట రాళ్ళు ఒట్టిగా పళ్ళు ఇకిలిస్తూ ఉంటాయి, ఇంకో చోట తారు మడుగు కడుతుంది.

అందుకే పీచు కలపాలి. సన్నటి పీచు ఆ తారు ముద్దంతా పరుచుకుని, వేడి మీద తారును జారనివ్వకుండా పట్టుకుంటుంది. రాయి చుట్టూ తారు పొర మందంగా నిలబడుతుంది. చల్లారి రోడ్డయ్యాక కూడా దాని పని అయిపోదు. పగులు రాబోయే చోట అటు అంచునూ ఇటు అంచునూ పట్టుకుని లాగి ఉంచుతుంది. మట్టి మిద్దె గోడకు గడ్డి తొక్కి కలిపిన వాళ్ళెవరికైనా ఈ సంగతి చెప్పక్కర్లేదు.

ఈ పని కోసం కాగితం గుజ్జుతో చేసిన గుళికలు సంచుల్లో దొరుకుతాయి. మంచివే. కానీ మాకు అవి ఎప్పుడొస్తాయో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. పోయినసారి అవి వచ్చేటప్పటికి వానలు కూడా వచ్చేశాయి. "ఈడ దొరికే పీచేదైనా సూడరాదా తల్లీ" అన్నాడు ఓనరు. ఆయన ఏదో విసుగు కొద్దీ అన్నాడు. నాకు మాత్రం ఆ మాటతో మా చిన్నమ్మ షెడ్డు కళ్ళ ముందు కదిలింది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. పలమనేరు పక్క పల్లెలో టెంకాయ పీచుతో తాళ్ళు పేనే షెడ్డు ఆవిడది. నాకు నోరు నేర్పింది ఆవిడేనని మా అమ్మ ఇప్పటికీ నిష్ఠూరమాడుతుంది. చిన్నమ్మ పేనిన మోకు ఎద్దు లాగినా తెగదని ఆ చుట్టుపక్కల పేరు. పేరుదేముంది, సంతలో ఇప్పుడు నీలం రంగు ప్లాస్టిక్ తాళ్ళదే హవా. కొనేవాళ్ళు ఏడాదికేడాది తగ్గిపోయారు. షెడ్డులో ఉన్న ఆడవాళ్ళందరూ ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నవాళ్ళు. షెడ్డు మూస్తే వాళ్ళు తెల్లవారకముందే లేచి దూరాన ఉన్న కంపెనీలకు పోవాలి. పోగలిగినవాళ్ళు పోతారు, మోకాళ్ళు పట్టేసినవాళ్ళు ఇంట్లో కూర్చుంటారు.

నేను పోయేసరికి ఆవిడ వాకిట్లో పీచు ఆరబెడుతోంది. సంగతి చెబుదామని నోరు తెరిచేలోపే తన సంగతి చెప్పేసింది.

"ఈ వానలు పోయేదాకా సూస్తా పాపా. అంతలోపల ఏదో ఒగ దోవ కనపడకపోతే షెడ్డుకు బీగం ఏస్తా. వాళ్ళకు కూడా సెప్పేసినా."

అంతే. ఏడుపు లేదు, పెడబొబ్బలు లేవు. ఉలవలు ఎండాయో లేదో చెప్పినట్టు చెప్పింది. ఆ షెడ్డులో తాడు లాగుతూ వాళ్ళు చెప్పుకునే ఊరి ముచ్చట్లు వింటూ నేను పెరిగాను. అక్కడ బీగం వేలాడటం నేను ఊహించుకోలేకపోయాను.

ఒక సంచెడు పీచు అడిగి తెచ్చుకున్నాను. జాలితో తెచ్చానని మీరు అనుకుంటే పొరపాటు. జాలితో రోడ్డు నిలవదు. ఓవెన్లో ఆ పీచు మాట వినకపోతే చిన్నమ్మదైనా సరే, పెంటకుప్పలో పారేసి ఉండేదాన్ని.

మాట విన్నది. తీగల బుట్టలో వేడి మిశ్రమం వేసి, కింద పళ్ళెం పెట్టి, ఓవెన్లో ఉంచి చూసే పరీక్ష ఒకటుంది. పీచు వేయని బుట్ట కింద పళ్ళెంలో తారు మడుగు కట్టింది. టెంకాయ పీచును గోరంత ముక్కలుగా కత్తిరించి కలిపిన బుట్ట కింద నాలుగు చుక్కలు రాలాయి, అంతే. తరువాత దంచి తీసిన ముద్దల్ని, మేము అచ్చులనే అంటాం, పక్కకు తిప్పి యంత్రం కింద నొక్కాను. ఒట్టిది ఠప్పుమని రెండు చెక్కలైంది. పీచు వేసింది పగిలింది కానీ విడిపోలేదు. పగులు లోపల సన్నటి పోగులు అటూ ఇటూ పట్టుకుని వేలాడుతున్నాయి. "అబ్బా!" అని నేను వేసిన కేకకు మా ప్లాంటు ఆపరేటరు పరిగెత్తుకొచ్చాడు. పలమనేరు మనిషి, అందరమూ భాయ్ అని పిలుస్తాం.

"ఏమైంది మేడమ్? పామా?"

"పాము కాదు భాయ్. పీచు!"

భాయ్ నన్నూ, ఆ పగిలిన అచ్చునూ మార్చి మార్చి చూశాడు. "పీచుకే ఇట్ల అరిస్తే పామొస్తే ఏం సేస్తావ్ మేడమ్?" అని పోయి తన పని చూసుకున్నాడు.

ఓనరు మాత్రం అచ్చును చేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. అవీ ఇవీ అడిగాడు. పీచులో తడి ఉంటే? ఎండబెడతాం. మంటకు మాడితే? మంట తగిలే చోట వేయం, కాలిన కంకర మిక్సరులోకి పడ్డాక, తారు పోయకముందు వేస్తాం. అన్నీ విని, "సరే. ఒగ మలుపు. ఆ మలుపే" అన్నాడు. "ఈ వానలకు నిలబడిందంటే కొండ మీద మిగతా మలుపులన్నిటికీ ఈ పీచే. లేదంటే మళ్ళా గుళికలే. నా కాడ పీచు మాట ఎత్తకూడదు."

ఇది చెప్పడానికి చిన్నమ్మను ల్యాబుకే పిలిపించాను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఈ కంపులో ఎట్లుండావే తల్లీ" అంటూనే గదంతా ఒక చుట్టు చుట్టి, బుట్టలు చూసి, పళ్ళేలు చూసి, బజ్జీలకు నూనె ఓడ్చినట్టుందని తేల్చేసింది. నిజమేనన్నాను. ఎంత పీచు కావాలో చెప్పాను. టన్నుకు కిలోల లెక్కనే అయినా, మలుపు మొత్తానికి షెడ్డు నిండుగా పని. ఇక పొడవు సంగతి. చిటికెన వేలి గోరు చూపించి, "ఇంతే. ఇంతకు మించకూడదు" అన్నాను.

"ఇంతేనా?" అంది.

"అంతే."

"సరే పో" అంది. ఆ "సరే పో" ఎలాంటి "సరే పో"నో నేను పట్టుకోవాల్సింది. మా చిన్నమ్మ ఏ విషయంలోనూ అంత తొందరగా సరే అనే మనిషి కాదు.

రోడ్డు వేసే రోజు పొద్దున్నే మలుపు దగ్గరికి చేరాను. తారు పరిచే పేవరుకు పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పీచు సంచులు అక్కడ ప్లాంటు దగ్గర నేరుగా మిక్సరు గట్టు మీదికి ఎక్కిపోయాయి. నేను ఇక్కడ ఉష్ణమాపకం పట్టుకుని టిప్పరు కోసం చూస్తున్నాను. మొదటి టిప్పరు వచ్చింది, పేవరు కదిలింది, నల్లటి దుప్పటి పరుచుకుంటూ వచ్చింది. వంగి చూశాను కదా, పిచ్చిక గూళ్ళు! నల్లటి తారులో ఎక్కడ చూసినా పిచ్చిక గూళ్ళ లాంటి పీచు ఉండలు. పేవరు బద్ద వాటిని ఈడ్చుకుపోతూ వెనక చారలు చారలుగా గీతలు పెడుతోంది.

"ఆపండి! ఆపండబ్బా!"

అప్పుడే భాయ్ ఫోను. "మేడమ్, ఇది ముక్క కాదు మేడమ్, జడ! మిక్సరు కడ్డీలకు చుట్టుకునింది. చేత్తో లాగుతా ఉండాం."

ఓనరు వచ్చి, వేసిందంతా గీకించేశాడు. బండి తాళాలు నా చేతిలో పెట్టి, "పోయి సూసి రా" అన్నాడు.

షెడ్డుకు పోయేసరికి అందరూ నవ్వు మొహాలతో ఎదురొచ్చారు. రోడ్డు ఎలా వచ్చిందని అడగడానికి! నేను కట్టలు తెంచుకున్నాను.

"నేను చెప్పింది గోరంత! మీరు పంపించింది బారెడు! చెవులు పని చేస్తున్నాయా, లేదా?"

చిన్నమ్మ మొహం మాడిపోయింది. కానీ ఆవిడ నా గురువు, అంత తేలిగ్గా తగ్గదు.

"ఏందిమే అరస్తావు? పొట్టి పీచంటే ఏందో తెలుసునా నీకు? సాయంత్రం షెడ్డు ఊడ్సి బయట పారేస్తామే, ఆ కసువు. మా ఇంటి ఆడబిడ్డ మొదటిసారి పని ఇచ్చింది. కసువు మూట కట్టి పంపించి నిన్ను నలుగురిలో నవ్వులపాలు సేయమంటావా?"

పక్కనున్న పెద్దామె ఒకతె అందుకుంది. "ఏరి ఏరి పెట్టినాము పాపా. మంచి పొడుగు పీచే పెట్టినాము. ఇంత మంచి పీచు మేము మోకుల్లో కూడా ఎయ్యము."

నా కోపం ఎక్కడిదక్కడ కూలబడింది. ఏమనాలి వీళ్ళను? తాడు పేనేవాళ్ళ దగ్గర పొడుగు పీచే మర్యాద. గోరంత చాలని నేనంటే, పాపం, ఖర్చుకు వెనకాడి మొహమాటపడుతోందనుకున్నారు. ఇంటి బిడ్డ కదా అని చుట్టాలకు పెరుగన్నంలో మీగడ వేసినట్టు వేశారు. అక్కడే నేల మీద చతికిలబడి, పొడుగు పీచు తారులో ఎందుకు చిక్కు పడుతుందో, ఒకదానికొకటి చుట్టుకుని ఉండ కట్టి, ఆ ఉండ ఉన్న చోటే రోడ్డు ఎలా బలహీనపడుతుందో, పొట్టిదైతే ప్రతి రాయి పక్కకూ ఎలా చేరుతుందో మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఈసారి చిన్నమ్మ మధ్యలో అడ్డం రాలేదు. చివరికి, "ఇంకొగ తూరి ఇస్తాడా మీ ఓనరు?" అని మాత్రం అడిగింది.

ఇస్తాడన్నాను. ఆ మాట నేను ఆయన్ను అడగకుండానే అన్నాను. తరువాత అడిగితే, గోడకేసి చూస్తూ, "ఇదే ఆఖరు" అన్నాడు.

ఇక కోయడం ఎలా? కత్తిపీటతో కోస్తే ఒకటి గోరంత, ఒకటి జానెడు. పలమనేరు వైపు పాడి లేని ఇల్లుండదు, పాడి ఉన్న ఇంట్లో గడ్డి ముక్కలు చేసే మిషన్ లేకుండా ఉండదు. చిన్నమ్మ ఇంట్లోదీ బయటికి లాగాం. పీచు పిడికిళ్ళతో పెడితే బ్లేడుకు చుట్టుకుని మిషనే ఆగిపోయింది. మళ్ళీ విప్పడం, మళ్ళీ పెట్టడం. చొప్పదంటు నేరుగా పోతుంది కాబట్టి తెగుతుంది, పీచు వంకర్లు పోతోంది కాబట్టి తెగడం లేదు.

"దీన్ని కూడా గట్టిగా, నేరుగా చేసి పెడితే తెగుతుంది చిన్నమ్మా" అన్నాను.

"అంటే?"

"అంటే... పేని పెట్టాలి."

అందరూ చిన్నమ్మ వైపు తిరిగారు. ఎందుకో నాకు తెలుసు. ఆ షెడ్డులో పేనిన తాడుకు కత్తి పెట్టరు. తాడు అయిపోగానే కొసన ముడి వేసి, కళ్ళకద్దుకుని, పక్కన పెడతారు. పొడుగు ఎక్కువైతే ఓపిగ్గా విప్పి సరిచేస్తారే గానీ కోయరు. బావిలోకి దిగే మనిషీ, చెట్టెక్కే మనిషీ ఆ తాడును నమ్ముకుని ఉంటాడు, ఇక్కడ కత్తి పడితే అక్కడ ఎవరో ఒకరు కింద పడతారని వాళ్ళ నమ్మకం. చిన్నప్పుడు ఉయ్యాల కోసం నేను ఒక తాడు కొడవలితో కోస్తే చిన్నమ్మ నా వీపు విమానం మోత మోగించింది.

ఆవిడ లేచి లోపలికి పోయింది. ఎంతకూ రాలేదు. వద్దులే చిన్నమ్మా, ఇంకేదైనా చూద్దాం అందామా అంటే, ఇంకేదీ లేదు. వానలు ముంచుకొస్తున్నాయి.

బయటికొచ్చి రాట్నం ముందు కూర్చుంది. గబగబా ఒక బారు పేనింది. కొస పట్టుకుని అందరి వైపూ చూసింది.

"ముడి ఎయ్యలేదు. ముడి పడనిది తాడు ఎట్లయితాది?"

జవాబు కోసం ఆగలేదు. లేచి పోయి, తన చేత్తోనే ఆ కొస మిషన్లో పెట్టి, ఇంకో చేత్తో చక్రం తిప్పింది. కచ్ కచ్ కచ్‌మని అన్నీ ఒకే పొడవు ముక్కలు. గోరంత. నేను అడిగినంత. సంతోషించాల్సినదాన్ని కదా, ఆవిడ మొహం చూడలేక కింద పడిన ముక్కల్ని ఏరుతున్నట్టు నటించాను. ఆ తరువాత ఒక్కొక్కరే వచ్చి రాట్నాల ముందు కూర్చున్నారు. ఆ రోజు షెడ్డులో ముచ్చట్లు లేవు.

ఎండబెట్టి, విదిలించి, ముక్కలైన పీచును తూకం ప్రకారం పల్చటి కవర్లలో కట్టి పంపారు. ఈసారి నేను మిక్సరు పక్కనే నిలబడి ప్రతి కవరూ చూశాను. భాయ్ మిక్సరు కిటికీలోంచి లోపలికి తొంగి చూసి బొటనవేలు పైకెత్తాడు. ఉండ లేదు, చిక్కు లేదు. మలుపులో నల్లగా, గరుకుగా, ఒకే తీరున పరుచుకుంది. రోలరు పోతుంటే పక్కకు జరగలేదు. పీచు మాయమంత్రం కాదు కాబట్టి పక్క కాలువ కూడా పూడిక తీయించాం. కింది పొర కుళ్ళితే పైన పట్టుపీచు వేసినా నిలవదు.

ఆ తరువాత వానలు. మామూలు వానలా అవి? బంగాళాఖాతంలో వాయుగుండం లేచిందంటే మా తిరుపతి వీధులు ఏర్లవుతాయి. ఆటోలు ఆగిపోయాయి, పలమనేరు బస్సులు రావడం మానేశాయి. పాత రోడ్లన్నీ గుల్లగుల్లగా లేచిపోయిన ఫోటోలు ఫోన్లోకి వచ్చి పడుతుంటే మా ఆయన ఒక్కొక్కటీ చూపించి, "ఇది మీదేనా?" అని అడగబోయి, నా మొహం చూసి మానుకున్నాడు. పాపం, మనిషి తెలివైనవాడే.

నన్ను ఎక్కువ వేధించింది చిన్నమ్మ ఫోను. రాకపోవడం! రోజూ ఏం కూర చేశావని అడిగే మనిషి, ఆ వానలన్ని రోజులూ ఒక్క ఫోను లేదు. నేను చేయలేదు. ఏమని చేయను? నిలిచిందని చెప్పడానికి నేను చూడలేదు, పోయిందని చెప్పడానికి నాకు నోరు లేదు. దేవుణ్ణి మొక్కాను. ల్యాబులో పని చేసేదానివి నీకు మొక్కులేమిటంటారా? బుట్ట పరీక్ష ఓవెనుకు, వానకు మొక్కే దిక్కు.

తెరిపి ఇవ్వగానే మొదటి బస్సు ఎక్కాను. మలుపు దగ్గర దిగేసరికి ఓనరు అప్పటికే అక్కడున్నాడు, ప్యాంటు మడిచి, చెప్పుతో రోడ్డును తన్ని చూస్తున్నాడు. నేను పొడుగు బద్ద వేసి, దాని కింద సందు ఎంతుందో అడుగడుగునా కొలుచుకుంటూ పోయాను. పైనా, కిందా ఉన్న పాత రోడ్డులో మోకాటి లోతు గుంతలు. మా ముక్క మాత్రం పడుకున్నది పడుకున్నట్టే ఉంది. కాలువ పొర్లిన చోట అంచున పిడికెడు కంకర లేచింది, అంతే. చక్రాల దారిలో పల్లం లేదు, పగులు లేదు. నాకు అక్కడే రోడ్డు మీద గంతులేయాలనిపించింది. ఓనరు ఉన్నాడని ఆగాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "మిగతా మలుపులకు కూడా ఆ పీచే సెప్పు. ఎండలు ముదిరేలోపల అయిపోవల్ల." ఆయన నోట అంతకన్నా పెద్ద పొగడ్త నేను ఎన్నడూ వినలేదు.

ఆయన జీపెక్కి పోయాక ఒక ఆటో వచ్చి ఆగింది. చిన్నమ్మ దిగింది. వెనకాలే షెడ్డు ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ దిగారు. బస్సు కోసం కూడా ఆగలేక వచ్చేశారట. చిన్నమ్మ నేరుగా రోడ్డు మధ్యకు పోయి గొంతుక్కూర్చుని, కళ్ళు చికిలించి చూసింది. మిగతావాళ్ళూ వంగి చూస్తున్నారు, జారిపోయిన చెవి కమ్మ వెతుకుతున్నట్టు.

"యాడుందిమే మన పీచు?"

"లోపలుంది చిన్నమ్మా. తారులో."

"రవంత కూడా కనపడదా?"

"కనపడకూడదు. అది పైకి కనపడిందంటే రోడ్డు పోయినట్టే."

ఆవిడ అలాగే కూర్చుంది. "తాడంటే నలుగురూ సూస్తారు. ఎవురు పేనినారని అడుగుతారు" అంది మెల్లగా. "ఇది మనం సేసినామని ఎవురికి తెలస్తాది?"

ఏదో చెప్పబోయాను గానీ, పైనుంచి గ్రానైటు లారీ హారను కొట్టింది. అందరం అంచుకు తప్పుకున్నాం. పెద్ద బండ, గొలుసులతో కట్టి ఉంది. మలుపులో బ్రేకులు కీచుమన్నాయి, రబ్బరు కాలిన వాసన వచ్చింది. బరువంతా మా ముక్క మీద తిరిగి, మెల్లగా కిందికి దిగిపోయింది. చిన్నమ్మ వెంటనే పోయి, చక్రాలు తిరిగిన చోట అరచెయ్యి పెట్టి ఒత్తి చూసింది. పక్కన ఇంకో చోట. ఇంకో చోట. ఎక్కడా జరగలేదు. చెయ్యి కొంగుకు తుడుచుకుని లేచింది. కళ్ళు కూడా ఆ కొంగుతోనే తుడుచుకుంది. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు, రోడ్డు మీద నిలబడి చిన్నపిల్లలా ఏడ్చేశాను.

"ఏందిమే, నిలబన్న్యాక ఏడస్తావు?" అని నన్ను కసిరి, ఆడవాళ్ళ వైపు తిరిగింది. "రేపు పొద్దన్నే షెడ్డు తీస్తా. ఆలీసంగా వస్తే ఊరుకోను."

వాళ్ళలో ఒకామె ఇబ్బందిగా నిలబడింది. "కంపెనీలో సేరతానని మాటిచ్చేసినా గదక్కా. రేపు నాకోసరం బస్సొస్తాది ఈ దోవనే. ఏమని సెప్పేది?"

"రానీ" అంది చిన్నమ్మ. "నువ్వు ఎక్కబాక. మన మలుపు మీద భయం లేకుండా పొమ్మను."